పద్నాలుగో పాఠకురాలు

ఒంటిగంటకి అందరూ భోజనానికి లేచారు. నేను లేవలేదు. ఆకలి లేదన్నాను, లేకేం, పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప కడుపులో ఏమీ పడలేదు, కానీ కిందికి వెళ్ళి ఆ ఆరుగురి మధ్యా కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోవడం నావల్ల కాదనిపించింది, కమిటీలోకి కొత్తగా వచ్చిన ఆ టైలరమ్మ ఎదురుగా కూర్చుని మళ్ళీ అదే మాట అడుగుతుందేమోనని భయం, ఈ వయసులో భయమేంటి నా మొహం, అయినా భయమే. రెండింటికి ఓటు. గోడ గడియారం ఒకటీ నాలుగు చూపిస్తోంది, అది ఎప్పుడూ మూడు నిమిషాలు ముందుంటుంది, అంటే నా దగ్గర ఇంకా యాభై తొమ్మిది నిమిషాలున్నాయి. ఇలాంటప్పుడు కూడా లెక్కే. నీకు జ్వరమొస్తే ముందు థర్మామీటరు సరిగ్గా ఉందో లేదో చూస్తావే ఆఫీసరమ్మా అనేది అక్క, అని పకపకా నవ్వేది, ఆ నవ్వు ఆగడానికి అరనిమిషం పట్టేది. పొడవాటి బల్ల, ఏడు కుర్చీలు, ఏడు గ్లాసులు, ఏడు ఫైళ్ళు, కిటికీ అద్దం మీద ఎవరో ఎప్పుడో అంటించి పీకేసిన కాగితం మరక. ఏసీ ఆగి ఆగి గురక పెడుతోంది. ఏడు ఫైళ్ళలోనూ నూట పన్నెండో పేజీలో మా అక్క చేతిరాత ఉంది. ఆ సంగతి ఈ భవనంలో నాకొక్కదానికే తెలుసు.

నా ఉద్యోగమేమిటో మావాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. డాక్టరువా అంటే కాదు, పోనీ నర్సువా అంటే కాదు, మరి ఆస్పత్రుల గురించి అంత మాట్లాడతావేంటి అంటారు. కొత్తగా వచ్చిన మందుకో పరీక్షకో ప్రజల డబ్బు పెట్టొచ్చా, పెడితే ఎంతమంది బతుకుతారు, అక్కడ పెట్టిన డబ్బుకి ఇంకెక్కడ కోత పడుతుంది, ఇవన్నీ చూసి సరేననో కాదనో తేల్చే ఏడుగురిలో నేనొకదాన్ని, ముందు రిపోర్టు రాసిపెట్టేది కూడా నేనే. ఈరోజు మా ముందున్నది ఆడవాళ్ళకి గర్భాశయ ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్‌ని ముందే పసిగట్టే పరీక్ష. పాతదొకటి ఉంది, ఉచితమే, కానీ దానికి ఆస్పత్రికి వెళ్ళాలి, బల్ల మీద పడుకోవాలి, పెద్ద లైటు కింద ఎవరో ఇనప పనిముట్టు పెట్టి లోపలి నుంచి కొంచెం తడి తీస్తారు. ఈ కొత్తది అలా కాదు, ఇంట్లో, తలుపేసుకుని, వేలెడంత బ్రష్షుతో తనే తీసుకుని గొట్టంలో పెట్టి పోస్టు చేస్తే చాలు, ఆ జబ్బు తెచ్చే వైరస్ ఉందో లేదో ల్యాబువాళ్ళు చెప్తారు. ఉందంటే అప్పుడు ఆస్పత్రికి రావాలి, ముందే తెలిసింది గనక చిన్న చికిత్సతో పోతుంది. పోతుంది అని ఎంత తేలిగ్గా రాస్తాం. భోజనానికి ముందు అధ్యక్షుడు కళ్ళజోడు తుడుచుకుంటూ ఒక్కొక్కరి మనసూ కనుక్కున్నాడు. ముగ్గురు పెట్టొచ్చన్నారు, ముగ్గురు ఇంకో రెండేళ్ళు ఆగుదామన్నారు. ఏడోదాన్ని నేను. నేను మధ్యాహ్నం చెప్తానని నీళ్ళు నమిలాను. ఓట్లు సమానమైతే వాయిదా పడుతుంది, అది ఇక్కడి నియమం.

ఆగుదామన్నవాళ్ళలో గట్టివాడు లెక్కల మాస్టారు. నిజంగా మాస్టారే, ఏళ్ళ తరబడి కాలేజీలో గణాంకాలు చెప్పి ఇటొచ్చాడు, పదేళ్ళుగా నా పక్క కుర్చీ, ముక్కుసూటి మనిషి, నాకిష్టమే ఆయనంటే. ఆయన పొద్దున ఒక పాత కాగితం తీసి చదివాడు. ఇంటి పరీక్షలో వైరస్ ఉందని తేలిన స్త్రీలు తదుపరి చికిత్సకి ఆస్పత్రికి వస్తారనడానికి ప్రస్తుతం రుజువు చాలదు, మూడేళ్ళ సమాచారం వచ్చాక పునఃపరిశీలించవచ్చు. చదివి, ఇంత స్పష్టంగా ఎవరు రాశారో తెలుసా, అని నవ్వుతూ నావైపు తిరిగాడు. ఏడేళ్ళ కిందట ఇదే పరీక్ష మొదటిసారి మా ముందుకి వచ్చినప్పుడు నేను రాసిన వాక్యం అది. మూడుసార్లు చెరిపి నాలుగోసారి కుదిరిందని మురిసిపోయిన వాక్యం. అందులో తప్పు లేదు. ఇప్పుడు చదివినా లేదు, వెతికాను, పదకొండు నెలలుగా వెతుకుతున్నాను, ఎక్కడైనా ఒక సున్నా జారిపోయి ఉంటే, ఎక్కడైనా సోమరితనం దొరికితే, దాన్ని పట్టుకుని తల బాదుకుని ఏడుద్దామని. దొరకలేదు. అప్పటికి ఏడాది సమాచారమే ఉంది, చాలదంటే చాలదు మరి. ఇప్పుడు మూడేళ్ళ సమాచారం వచ్చింది, పదిమందికి ఎనిమిదిమంది వచ్చారు. మాస్టారు దానికీ అడ్డం పడ్డాడు, ఆ ఎనిమిదిమందినీ నర్సు వాళ్ళిళ్ళకి ఫోన్లు చేసి చేసి రప్పించింది, రేపు ఊళ్ళన్నిటికీ ఎవరు చేస్తారమ్మా అన్నాడు. మంచి ప్రశ్న. ఏడేళ్ళ కిందటైతే ఆయన కంటే ముందు నేనే అడిగేదాన్ని.

అక్కకి ఎవరు ఫోను చెయ్యాలి, తను వచ్చేది, ఒకసారి అనుకుందంటే వచ్చేది. బస్టాండులో టికెట్ల కిటికీ తనది. ఇరవై రెండేళ్ళు అదే కిటికీ, చెవి మీద పెన్సిలు, ముందు సీట్ల పటం, అమ్మిన సీటుకల్లా ఒక టిక్కు. పెన్ను ఎందుకు వాడవే అంటే మనుషులు మనసు మార్చుకుంటారే, చెరపాలిగా, అనేది. కిటికీ అవతల వందమంది అరుస్తున్నా ఒక్కరి మీద గొంతు లేపదు, కానీ మాట పడదు, చిల్లర లేదని విసుక్కున్నవాణ్ణి చూసి, అయితే ఎల్లుండి వెళ్ళండి, ఊరెక్కడికీ పోదు, అనేది. బావ పోయాక ఆ కిటికీలోంచే పిల్లని పెంచింది. అంత ధైర్యస్థురాలు ఆ బల్లకి భయపడింది. పిల్ల పుట్టాక ఎప్పుడో ఒకసారి ఆ పాత పరీక్షకి వెళ్ళింది, నేనే చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే వెళ్ళింది. లైటు కింద పడుకోబెట్టారట, తలుపు సగం తెరిచే ఉందట, వరండాలో మనుషుల కాళ్ళు కనిపిస్తున్నాయట, ఒళ్ళు బిగుసుకుపోతే ఆ చేసే మనిషి, పిల్లని కన్నదానివే కదా, ఇప్పుడెందుకంత సిగ్గు, అందిట. అక్క లేచి చీర సర్దుకుని బయటికి వచ్చేసింది. ఇంటికొచ్చి నాతో చెప్తున్నప్పుడు నవ్వుతూనే చెప్పింది, చివర్లో మాత్రం గొంతు మారింది, ఇంక నన్నక్కడికి పంపకే, అంది. ఆ తర్వాత ఏడాదికోసారి నేను గుర్తు చేసేదాన్ని, తను మాట మార్చేది. మా రిపోర్టుల్లో అలాంటివాళ్ళ కోసం ఒక గడి ఉంటుంది, పిలిచినా రానివారు. నూటికి ఇంతమంది అని రాసి ముందుకి వెళ్ళిపోతాం. ఆ గడిలో మా అక్క ఉందని నాకు తెలిసే రాసేదాన్ని.

ఒకటీ పదిహేడు. ఊడ్చే ఆవిడ తలుపు తీసి, మీరున్నారా అని మళ్ళీ మూసేసింది. ఉన్నాను, ఎక్కడికి పోతాను. నూట పన్నెండో పేజీ తెరిచే ఉంది, మూశాను, మళ్ళీ తెరిచాను. ఆ పేజీ ఎలా వచ్చిందో చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఏడేళ్ళ కిందట, బ్రష్షూ గొట్టమూ ఉండే ఆ పరీక్ష డబ్బాతో పాటు వచ్చే కరపత్రం మామూలు ఆడవాళ్ళకి అర్థమవుతుందో లేదో చూడమన్నారు. వైద్యంతో సంబంధం లేని ఇరవైమందిని పట్టుకోవాలి, ఒక్కొక్కరికీ ఒక డబ్బా, ఒక కరపత్రం ఇచ్చి చదివించాలి, అర్థం కాని చోట గుర్తు పెట్టమనాలి, డబ్బా తెరిచి చూడొచ్చు గానీ వాడకూడదు, ఇరవై డబ్బాలూ తిరిగి అప్పగించాలి. వాళ్ళు గుర్తులు పెట్టిన కరపత్రాల నకళ్ళే ఈ ఫైలులో వెనక పేజీలు. చదివేవాళ్ళు మనకి చుట్టాలు కాకూడదు, అది కూడా రాసుంది, మొదటి పేజీలోనే. పందొమ్మిదిమంది దొరికారు. పద్నాలుగో నంబరావిడ చివరి నిమిషంలో రానంది. మర్నాటికి గడువు. ఇంకెవర్ని పట్టుకోను, ఆ సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను, కానీ అసలు తప్పు అది కాదు, దానికైతే మహా అయితే చీవాట్లు పెట్టేవారు, అంతటితో పోయేది.

అక్క అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది, కాళ్ళు కడుక్కుని మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని డబ్బా విప్పింది. ఇదేంటే, ఇంత చిన్నదా, దీంతోనా, అని బ్రష్షుని వెలుతురుకి ఎత్తి చూసింది. కరపత్రం చదివింది, ఆరు మెట్లుంటాయి అందులో, ఒక్కో మెట్టు చదివి ఒక్కో టిక్కు పెట్టింది, సీటు అమ్మినట్టే. మధ్యలో ఒకచోట ఆగి, పోస్టు డబ్బులు ఎవరివి, అంది. ప్రభుత్వానివే అన్నాను. బావుంది అంది. చివర్న చెవి మీది పెన్సిలు మళ్ళీ తీసి రెండు ముక్కలు రాసింది, రాస్తూనే పైకి చదివింది, అర్థమైంది, ఇప్పుడే చేసుకోవచ్చా? నేను నవ్వాననుకుంటా. నవ్వాను. జోక్ వేస్తోందనుకున్నాను, కానీ తను చూస్తూనే ఉంది నావైపు, కిటికీలోంచి టికెట్ అడిగేవాళ్ళు చూస్తారే, ఉందా లేదా చెప్పు అన్నట్టు. అవతల గదిలో ఎవరూ లేరు. తలుపుకి గడియ ఉంది. రెండు నిమిషాల పని, కరపత్రంలోనే రాసుంది రెండు నిమిషాలని. నేనన్నాను, వద్దక్కా, అది నమూనా, అప్పగించాలి, వాడితే కుదరదు, ఆమోదం వచ్చాక అందరితో పాటు నువ్వూ చేసుకుందువుగాని. అక్క బ్రష్షుని ఇంకోసారి చూసింది. సరేలే, మీ డబ్బా మీరే దాచుకోండి, అంది. బ్రష్షుని మళ్ళీ సంచిలో పెట్టి, ఏ వైపు పైకుండాలే అని అడిగి మరీ, ఎలా ఉన్నదాన్ని అలా సర్ది నా చేతికిచ్చింది. నేను దాన్ని బ్యాగులో వేసుకుని బస్సెక్కాను. మర్నాడు ఇరవై డబ్బాలూ అప్పగించి సంతకం పెట్టించుకున్నాను. వారం తర్వాత ఆ వాక్యం రాశాను, రుజువు చాలదని.

ల్యాబు పిల్లని బతిమాలి ఉంటే చేసిపెట్టేదేమో. ఇరవై డబ్బాల్లో ఒకటి పోయిందని రాసుంటే ఎవరూ ఉరి తీసేవారు కాదు. బజార్లో అప్పటికే ఒక కంపెనీ అమ్ముతోంది, ఖరీదు ఎక్కువే, అయినా నేను కొనిపెట్టగలను. తట్టలేదని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను, అబద్ధం, తట్టింది. వద్దని నేనే రిపోర్టు రాస్తున్న వస్తువుని నేనే కొని ఇంటికి పట్టుకెళ్తే బాగోదనుకున్నాను. ఎవరు చూస్తారని? ఛీ. ఆ తర్వాత అక్కకి అదొక సరదా అయింది. ఫోను ఎత్తగానే ఎలా ఉన్నావని అడగదు, మీ డబ్బా పాసైందా, అంటుంది. ఇంకా లేదే అంటాను. పదో తరగతిలో మా వెనక బెంచీ పిల్ల కూడా ఇంతకాలం తప్పలేదే, అంటుంది. అలా ఐదేళ్ళు నవ్వుకున్నాం. ఐదేళ్ళు, వారానికి ఒకసారైనా, అంటే రెండొందల యాభై సార్లు తను నన్ను అడిగింది, నవ్వు తీసేసి ఆ మాట ఒక్కటీ వింటే తను అడుగుతూనే ఉంది. ఒకసారి మాత్రం డబ్బా మాట ఎత్తలేదు. నడుము నొప్పిగా ఉందే, మధ్యలో కొంచెం రక్తం కనిపిస్తోంది, ఈ వయసులో మామూలేగా, అంది. ఆ నెలలోనే తెలిసింది. చిన్న చికిత్సతో పోయే రోజులు దాటిపోయాయన్నాడు డాక్టరు, ఎప్పుడు దాటిపోయాయండీ అని అడిగాను, ఒక తేదీ చెప్తాడన్నట్టు.

ఆ బల్ల అంటే పారిపోయి వచ్చిన మనిషి, ఆ తర్వాత పద్నాలుగు నెలలూ ఎన్ని బల్లల మీద పడుకుందో. తలుపు సగం తెరిచున్నా ఏమీ అనేది కాదు. అదే నేను భరించలేకపోయేదాన్ని, అనకపోవడం. ఒకరోజు నేను లేచి వెళ్ళి తలుపు మూసి వస్తే, ఉండనీవే, ఇంకేం దాచుకుంటాను, అంది. డబ్బా సంగతి మాత్రం ఎత్తలేదు, ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఎత్తలేదు. అన్ని నెలలు పక్కన కూర్చున్నాను, నిద్రలో కూడా సీట్లకి టిక్కులు పెట్టే మనిషి అది మరిచిపోతుందా. నన్ను కాపాడింది. ఆ ఒక్క మాట అంటే నేను కూలిపోతానని తెలిసి మింగేసింది. అనుంటే బావుండేది. వద్దన్నావుగా ఆఫీసరమ్మా అని ఒక్క మాట అని ఉంటే కాళ్ళ మీద పడి ఏడ్చేదాన్ని. పడనివ్వలేదు. చివరి వారంలో అక్క కూతురు, ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, ఆస్పత్రి మెట్ల మీద నా పక్కన కూర్చుని అడిగింది, పిన్నీ, నువ్వు ఇవన్నీ చదివినదానివి కదా, అమ్మకి ఇది ముందే తెలిసే దారి ఏమైనా ఉండేదా, అని. లేదమ్మా అన్నాను. వెంటనే అన్నాను, ఆలోచించనైనా లేదు. ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి, అయితే మనం చేయగలిగింది ఏమీ లేదులే, అని ఏడ్చింది. ఇప్పటికీ రోజూ ఫోను చేసి తిన్నావా పిన్నీ అని అడుగుతుంది. వాళ్ళమ్మ ఫోనులోంచే చేస్తుంది, ఆ నంబరు వదులుకోలేదు, నా ఫోనులో ఇప్పటికీ అక్క అనే వస్తుంది.

ఒకటీ నలభై. పొద్దున తలుపు దగ్గర ఫారం ఇచ్చారు, ప్రతి మీటింగుకీ ఇచ్చేదే. ఈరోజు పరిశీలించే విషయంతో మీకుగానీ మీ దగ్గరివారికిగానీ సంబంధం ఉందా? ఉంది, లేదు, రెండు గడులు. ఉందని టిక్కు పెడితే ఓటు వేసేటప్పుడు గదిలో ఉండకూడదు. లేదు దగ్గర టిక్కు పెట్టాను. పోయినవాళ్ళు దగ్గరివాళ్ళ కిందికి వస్తారా అని కూడా ఆలోచించాను, సిగ్గు లేకుండా. కానీ నేను బయటికి వెళ్తే ముగ్గురూ ముగ్గురూ, వాయిదా. ఇంకో రెండేళ్ళు, ఇంకెంతమంది అక్కలు. లోపల కూర్చుంటే నా చెయ్యి నాలుగోది, పాసైపోతుంది. ఇంతకన్నా తేలికైన లెక్క నా ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు, నోరు మూసుకుని చెయ్యెత్తడమే, అక్క కోసం ఆ మాత్రం అబద్ధం ఆడలేనా. అలా అనుకునే పొద్దున వచ్చాను. పైగా నోరు విప్పితే మీటింగు మాటలన్నీ అచ్చు వేసి అందరికీ పెడతారు, ఆ పిల్ల చదువుతుంది, మెట్ల మీద నేను ఆడిన అబద్ధం అక్కడ అచ్చులో కనిపిస్తుంది. అంతా సర్దుకునే వచ్చాను. ఈ టైలరమ్మని లెక్కలో వేసుకోలేదు. జనం తరఫు మనిషిగా కొత్తగా వేశారామెని, బట్టలు కుట్టే మనిషి, ఎవరూ చదవని వెనక పేజీలన్నీ వేలు తడుపుకుంటూ చదివి వచ్చింది. పన్నెండూ యాభైకి చెయ్యెత్తి, నూట పన్నెండో పేజీలో పద్నాలుగో నంబరావిడ ఏదో అడిగిందండీ, ఇప్పుడే చేసుకోవచ్చా అని, ఆవిడకేం చెప్పారు, అంది. కరపత్రం అర్థమైందో లేదో చూడ్డానికేనండీ అది, చదివినవాళ్ళ ప్రశ్నలకి జవాబిచ్చే పద్ధతి లేదు, అన్నాను. నా గొంతే, రిపోర్టు గొంతు. అధ్యక్షుడు గడియారం చూసి భోజనం చేసొద్దాం అన్నాడు. పద్ధతి లేదట. ఏడేళ్ళ కిందట మంచం మీద ఒకసారి, ఈరోజు ఈ బల్ల దగ్గర ఇంకోసారి, ఒకే మనిషి నోరు రెండుసార్లు మూశాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. వచ్చేస్తున్నారు. గడియారం ప్రకారం రెండూ మూడు, అంటే సరిగ్గా రెండు. కుర్చీలు లాక్కున్నారు, మాస్టారు నా ముందు ఒక బిస్కెట్ పొట్లం పెట్టి, తినమ్మా, ఖాళీ కడుపుతో ఓట్లు వేయకూడదు, అన్నాడు. ఈయన్ని ఓడించడానికే కదా నేను నోరు మూసుకు కూర్చుంది. అధ్యక్షుడు, ఇంకేమైనా చర్చ ఉందా, లేకపోతే ఓటుకి వెళ్దాం, అన్నాడు. నేను ఏమీ నిర్ణయించుకోలేదు, ఆ క్షణం దాకా నిజంగా ఏమీ నిర్ణయించుకోలేదు. టైలరమ్మ నెమ్మదిగా పేజీ తిప్పింది.

"నా ప్రశ్న అలాగే ఉండిపోయిందండీ. పద్నాలుగో ఆవిడకి ఏం చెప్పారు?"

"వద్దని చెప్పాను," అన్నాను. "ఆవిడ మా అక్క. చేసుకోవచ్చా అని నన్నే అడిగింది. నేనే వద్దన్నాను."

టైలరమ్మకి ఆగడం తెలీదు, లేదా తెలిసే ఆగలేదు, "ఇప్పుడెలా ఉన్నారు?" అంది.

"పోయింది. దీంతోనే. పదకొండు నెలలైంది."

ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను, పిలిచినా రానివారి గడి గురించి, టిక్కుల గురించి. అధ్యక్షుడు కళ్ళజోడు తీసేసి, అమ్మా, పొద్దున ఫారంలో, అని ఆగిపోయాడు. తప్పు రాశానండి, ఇలా ఇవ్వండి, అన్నాను. లేదు దగ్గరి టిక్కు కొట్టేసి ఉంది దగ్గర పెట్టాను. పెన్నుతో పెట్టినది, చెరపడానికి లేదు, గీత అలాగే కనిపిస్తోంది. రేపు దీని మీద విచారణ వేస్తారు, వెయ్యనీ. మాస్టారి మొహం చూడలేదు, చూస్తే ఏడ్చేదాన్ని. బ్యాగు తీసుకుని బయటికొచ్చి తలుపు నేనే దగ్గరికి లాగి మూశాను, గడియ పడిన చప్పుడు విన్నాక వదిలాను.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీ ఒకటుంది. కూర్చున్నాను. అయిపోయిందే అక్కా, ముగ్గురూ ముగ్గురూ, ఈసారి కూడా నేనే ఆపేశాను, ఒకసారి రుజువు చాలదని, ఒకసారి నిజం ఆగలేదని. ఊడ్చే ఆవిడ తుడుస్తూ వచ్చి కాళ్ళెత్తమంది, ఎత్తాను. ఫినాయిల్ వాసన. అదే వాసన, ఆస్పత్రి మెట్ల మీదా అదే. కళ్ళు మండుతున్నాయి, ఏడుపు రావట్లేదు. పోయిన రోజున కూడా రాలేదు, ఇంటికెళ్ళాక తన చెప్పుల జత బయట విడిచినవి విడిచినట్టే ఉంటే చూసి అప్పుడొచ్చింది. ఎంతసేపైందో, మొదటిసారి గడియారం చూడలేదు. తలుపు తెరుచుకుంది, టైలరమ్మ ఒక్కతే వచ్చింది. నా పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. నాలుగూ రెండండీ, పాసైంది, అంది. నాకర్థం కాలేదు. లెక్కల ఆయన చెయ్యెత్తారండీ, అంది. ఎందుకు, ఆయనెందుకు ఎత్తాడు, ఫోన్లు ఎవరు చేస్తారన్నాడుగా, అన్నాను. మేమూ అదే అడిగామండీ, దానికాయన, ఇప్పుడే చేసుకోవచ్చా అని అడిగిన మనిషి రాకుండా ఉంటుందా, వచ్చేదే కదా, అన్నారు. చెప్పి, నా చేతి మీద చెయ్యేసి కొంచెం సేపు అలాగే ఉంచి లోపలికి వెళ్ళిపోయింది. ఒక్క మనిషిని చూసి చెయ్యెత్తాడు. నూటికి ఇంతమందని కాదు, ఒక్క మనిషి, రెండు ముక్కల పెన్సిలు రాత. నా చేతిలో పెడితే అది రుజువు కాదని కొట్టేసేదాన్ని. కొట్టేశాను కూడా, ఏడేళ్ళ కిందట, నా చేతిలోనే పెట్టింది.

పాసైందే అక్కా. నీ డబ్బా పాసైంది. చెయ్యి దానంతటదే బ్యాగులోకి వెళ్ళి ఫోను తీసింది, ఏడేళ్ళుగా ఎదురుచూసిన మాట మరి, ఎవరికి చెప్తాను, వేలు అలవాటుగా ఆ పేరు మీదే పడింది. మోగుతోంది. మోగుతుంటే గుర్తొచ్చింది ఎవరెత్తుతారో. పెట్టేద్దామనుకున్నాను. నాలుగో మోతకి ఎత్తింది. చెప్పు పిన్నీ, తిన్నావా, అంది, ఫోనులో అచ్చం వాళ్ళమ్మ గొంతే, ఏడిపించడానికే ఇచ్చినట్టు అదే గొంతు. పాసైంది, అన్నాను. ఏది పిన్నీ, ఏం పాసైంది, అంది. వరండా చివరి దాకా నేల తడిగా మెరుస్తోంది. ఇప్పుడు చెప్పకపోతే రేపు అచ్చులో చదువుతుంది. అది కూడా కాదు కారణం, ఆ పిల్ల అడిగింది, అడిగినదానికి జవాబు చెప్పాలి. పనిలో ఉన్నావా అమ్మా, అన్నాను. లేదు చెప్పు, అంది. కూర్చో, అన్నాను. కూర్చున్నాను పిన్నీ, నీ గొంతేంటి అలా ఉంది, అంది.

"ఆస్పత్రి మెట్ల మీద నువ్వు నన్నొక మాట అడిగావు. లేదన్నాను. ఉండేదమ్మా. మీ అమ్మ అడిగింది కూడా."